టీవీలో కంప్యూటర్ ఫోల్డర్ కనిపించకపోతే

ప్రశ్న: టీవీ బాక్సులో కోడి (Kodi అనే వీడియోలు చూసే యాప్) పెట్టుకున్నాం. కంప్యూటర్‌లో షేర్ చేసిన బతుకమ్మ వీడియోల ఫోల్డర్ అందులో కనిపించట్లేదు. అమ్మ రోజూ అడుగుతోంది.
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మగారికి తప్పకుండా చూపిద్దామమ్మా. పాత కోడి వెర్షన్లలో నెట్‌వర్క్ జాబితా తెరిచి వెతకడం ఎస్ఎంబీ 1 (కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకునే పాత విధానం) మీద ఆధారపడేది. భద్రత కోసం విండోస్ 10 దాన్ని 2017లోనే పక్కన పెట్టింది. మళ్లీ ఆన్ చేయమని ఎవరు చెప్పినా వినకండి. ‘యాడ్ నెట్‌వర్క్ లొకేషన్’లోకి వెళ్లి కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా, 192.168.1.5 లాంటిది), ఫోల్డర్ షేర్ పేరు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మీరే టైప్ చేయండి.

కాజీపేటలో మా ఇంట్లో నేను రెండు సాయంత్రాలు తిప్పలు పడ్డది పాస్‌వర్డ్ దగ్గరే. రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఇస్తూ పోయాను. పిన్ ఆ కంప్యూటర్ వరకే. నెట్‌వర్క్‌లో విండోస్ ఖాతా అసలు పాస్‌వర్డే కావాలి. అన్నట్టు, వీడియో నడిచేటప్పుడు కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లకుండా చూసుకోండి.