షీటు మీద తేదీ వెయ్యవే

చి॥ చిట్టికి, అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఉద్యోగం మానేసి మళ్ళీ చదువులో పడుతున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. చెప్పాడు అనడం కంటే మొరపెట్టుకున్నాడు అనాలి. "ఎమ్మెస్సీ అయింది, నెల తిరిగేసరికి జీతం వస్తోంది, ఇంకా ఏం చదువుతుందే ఇది? వంట గురించే కదా!" అంటాడు. నేను రిటైరయ్యే దాకా ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేసింది కూడా వాడి లెక్కలో వంటే. వాణ్ణి నాలుగు చివాట్లు పెట్టి ఫోన్ పెట్టేశాను గానీ, ఆ తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. మన ఇంట్లో పిల్ల, కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వెళ్ళి డయాలిసిస్ పేషెంట్లకి పనికొచ్చే చదువు చదువుతానంటోందని ఒక పక్క గర్వం. ఇంకో పక్క ఏవేవో భయాలు. వాట్సాప్‌లో పెడితే పూర్తిగా చదవకుండానే బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు, అందుకని ఉత్తరం రాస్తున్నాను.

తెలిసిన సంగతులు ముందు గబగబా చెప్పేస్తాను. ఆర్డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష ముందు రాసెయ్యి, కిడ్నీ కోర్సు తర్వాత. ఏ కోర్సుకైనా ఫీజు కట్టే ముందు పాఠం చెప్పేది ఎవరో, వాళ్ళు వార్డులో పనిచేసినవాళ్ళో కాదో కనుక్కో. మూడు రోజుల్లో 'సర్టిఫైడ్ రీనల్ న్యూట్రిషనిస్ట్' చేస్తామని ఇన్‌స్టాగ్రామ్‌లో పిలిచేవాళ్ళ జోలికి పోకు. ఇంటర్న్‌షిప్ కాగితాలు, మార్కుల జాబితాలు అన్నీ ఒక్క చోట పెట్టుకో. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టంలో మన డైటీషియన్లని కూడా చేర్చారు. రేపు రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరెక్కాలంటే అడిగేవి ఆ కాగితాలే.

పరీక్షకి నా పాత నోట్సు అడిగావట. ఇవ్వను. అందులో ఆడవాళ్ళకి రోజుకి ఐరన్ 21 మిల్లీగ్రాములు, గర్భిణికి 35 అని ఉంటుంది. 2020లో ఐసీఎంఆర్ (దేశ వైద్య పరిశోధన మండలి) లెక్కలు మార్చినప్పుడు మొదటిది 29 అయింది, రెండోది 27కి దిగింది. ఒకటి పెరిగి ఒకటి తగ్గడమేమిటని నాకే కొన్నాళ్ళు మింగుడు పడలేదు. అంకెలు బట్టీ పట్టకుండా ఎందుకు మారాయో చదువు. ఆహార పదార్థాల పట్టికలు కూడా అంతే. 1989 నాటి పుస్తకం పక్కన పెట్టి, ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2017లో తెచ్చిన ఇండియన్ ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్ వాడు. కాస్త జాగ్రత్త, అందులో శక్తి కిలోజౌళ్ళలో ఉంటుంది. వంద గ్రాముల బియ్యానికి దాదాపు 1500 అని చూసి బెంబేలెత్తిన పిల్లల్ని చూశాను. 4.184తో భాగిస్తే మనకి తెలిసిన 350 పైచిలుకు కేలరీలే వస్తాయి. ఫోన్‌లో ఆ విదేశీ యాప్ పెట్టుకుని 'ఒక బౌల్ పప్పు' అని కొట్టడం మాత్రం ఇవాళే మానెయ్యి. ఎవరి బౌల్? ఎంత నీళ్ళు పోసిన పప్పు?

ఇంటర్న్‌షిప్‌లో నువ్వు ఆసుపత్రి వంటగదిలోకి అడుగుపెట్టకుండా ఏసీ గదిలో కూర్చుని చార్టులు వేసేదానివని నాకు తెలుసులే. ఎవరు చెప్పారని అడక్కు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వు కాస్త కూర్చుని చదవాల్సింది ఇదే.

మా డిపార్ట్‌మెంట్‌లో లివర్ పేషెంట్లకి ఏం తినాలో, ఏం మానాలో రాసి ఇచ్చే షీటు ఒకటి ఉండేది. ఏ ఆసుపత్రో నీకు తెలుసు, ఇక్కడ పేరు రాయను. పప్పు మానాలి. గుడ్డు, చేప, మాంసం మానాలి. పాలు పొద్దున అర గ్లాసు. అన్నం, గంజి, సగ్గుబియ్యం జావ, గ్లూకోజు నీళ్ళు, బ్రెడ్డు, జామ్ ఎంతైనా పుచ్చుకోవచ్చు. నేను చేరేటప్పటికి అది టైపు కొట్టి సైక్లోస్టైల్ తీసిన కాగితం. తర్వాత జిరాక్స్ అయింది. కంప్యూటర్ వచ్చాక డీటీపీ చేయించారు. ఆపైన ఆసుపత్రి బొమ్మ, రంగులు, మూలన పళ్ళబుట్ట వచ్చాయి, చివరికి లామినేషన్ కూడా చేశారు. ముద్రణ మారినప్పుడల్లా చూడముచ్చటగా తయారయ్యేది. లోపలి మాట ఒక్కటీ మారలేదు.

ఆ మాటలకి ఒకప్పుడు ఆధారం లేకపోలేదు. లివర్ పాడైతే ప్రోటీన్ నుంచి పుట్టే అమోనియా రక్తంలో నిలిచిపోయి మెదడుకెక్కుతుంది, మనిషి మగతలోకి జారిపోతాడు, కాబట్టి ప్రోటీన్ కొయ్యాలి. 1950ల నుంచీ వస్తున్న ఆలోచన అది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ సిరోసిస్ (లివర్ గట్టిపడి పాడైపోయే జబ్బు) మనిషికి అప్పటికే ఒంట్లో కండ కరిగిపోతూ ఉంటుంది. అమోనియాని సర్దే పనిలో ఆ కండకీ వాటా ఉంది. ప్రోటీన్ కోస్తే కండ ఇంకా పోతుంది. 1997లోనే యూరప్‌లోని క్లినికల్ న్యూట్రిషన్ సంఘం ప్రోటీన్ తగ్గించవద్దని రాసింది. 2004లో బార్సిలోనా డాక్టర్లు మగతతో చేరిన పేషెంట్లలో కొందరికి ప్రోటీన్ తగ్గించి, కొందరికి మామూలుగా ఇచ్చి చూశారు. తగ్గించినందువల్ల ఒరిగిందేమీ లేదని తేలింది. ఇప్పుడు కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాములు ఇస్తాం, రాత్రంతా కడుపు ఖాళీగా ఉండకుండా పడుకోబోయే ముందు కూడా ఏదో ఒకటి తినమంటాం.

మా షీటుకి ఇవేవీ తెలియవు. ఒక తాపీమేస్త్రి వచ్చేవాడు. పొట్ట నిండా నీరు, భుజాల దగ్గర ఎముకలు తేలి, జబ్బకి కట్టుకున్న తాయెత్తు మోచేతిదాకా జారుతుండేది. భార్యకి చదువు రాదు. బడికెళ్ళే కొడుకు చేత షీటు చదివించుకుని, అక్షరం పొల్లుపోకుండా వండి పెట్టేది. "మజ్జిగైనా పొయ్యొచ్చా అమ్మా?" అని కౌంటర్ దగ్గర అడిగితే, షీటులో ఏముంటే అది చెయ్యమ్మా అని జవాబు వెళ్ళింది. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త చిక్కిపోయి వచ్చేవాడు. చిత్రమేమిటంటే, మా కాగితం బయట చెత్తబుట్టలో పడేసి ఇంటికెళ్ళి పప్పన్నం తిన్నవాళ్ళు అతనికంటే నయంగా తిరుగుతుండేవాళ్ళు. మా మాట నమ్మినవాళ్ళకే నష్టం జరిగింది.

ఒకరోజు రౌండ్స్‌లో గ్యాస్ట్రో పీజీ కుర్రాడు ఆ షీటు అటూ ఇటూ తిప్పి, "ఇది ఎప్పటిది మేడమ్?" అన్నాడు. ఎవరికీ తెలియదు. దాని మీద నంబరుంది, ఆసుపత్రి పేరుంది, తేదీ మాత్రం లేదు.

అప్పటి మా పెద్ద మేడమ్ నిర్లక్ష్యం మనిషి అనుకునేవు. కాదే. ఆవిడ వెళ్ళని కాన్ఫరెన్స్ లేదు, సర్టిఫికెట్ల ఫైలు ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. వార్డు పని నాకు నేర్పింది ఆవిడే. నైట్ డ్యూటీలో నేను తినలేదని తన డబ్బా నా ముందుకు తోసిన మనిషి. రిటైరయ్యాక ఆవిడ బీరువా సర్దుతుంటే ఏదో కాన్ఫరెన్స్‌లో రాసుకున్న నోట్సు దొరికింది. లివర్ సెషన్ అని పైన రాసి, 'ప్రోటీన్ తగ్గించరాదు' అని కింద రెండు గీతలు గీసి ఉంది. నోట్సు బీరువాలో ఉంది, షీటు కౌంటర్ మీద ఉంది. రెండిటికీ మధ్య పదడుగుల దూరం.

కోర్సులకి వెళ్ళి నువ్వు పోగేసే పాయింట్ల గురించి నేను కంగారు పడేది ఇందుకే. డాలస్‌లో ఉన్న మీ అక్కకి అయిదేళ్ళలో 75 శిక్షణ యూనిట్లు కూడితే గానీ అమెరికా డైటీషియన్ రిజిస్ట్రేషన్ నిలవదు. అది ఎప్పుడూ ఆ యూనిట్ల లెక్కే చెబుతుంది తప్ప, విన్నదాని వల్ల పేషెంట్‌కి చెప్పే మాట ఏది మారిందో ఒక్కసారీ చెప్పలేదు. దాన్ని కూడా ఇలాగే తిట్టాను, నిన్నొక్కదాన్నే కాదు. నువ్వు ఏ కోర్సుకి వెళ్ళి వచ్చినా, అదే వారంలో నీ దగ్గరున్న షీటు ఒకటి తీసి, విన్నదానితో పోల్చి చూడు. మార్చాల్సింది మార్చు. మార్చనక్కర్లేదంటే చూశానని రాసి తేదీ వెయ్యి. ఏ మార్గదర్శకం చూసి రాశావో అడుగున ఒక ముక్క రాయి. నీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునే పిల్లకి దాన్ని కొట్టిపారేసే ధైర్యం ఉండాలి కదా.

కిడ్నీ పనిలో ఇది మరీ ముఖ్యం. కిడ్నీ పాడైనా ఇంకా డయాలిసిస్ దశకి రాని, షుగర్ లేని మనిషికి, కిలోకి 0.55 నుంచి 0.6 గ్రాముల ప్రోటీన్ అంటున్నాయి 2020 నాటి అమెరికన్ మార్గదర్శకాలు. డయాలిసిస్ మొదలైతే అదే మనిషికి 1.0 నుంచి 1.2 కావాలి. కానీ 'పప్పు తగ్గించండి' అని ముందెప్పుడో ఇచ్చిన కాగితం ఇంట్లో దేవుడి పటం పక్కన మేకుకి వేలాడుతూనే ఉంటుంది. నువ్వు కొత్త కాగితం ఇస్తే సరిపోదు, పాతదాన్ని వాళ్ళ చేతే చింపించు.

అందులోనూ ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట వైపు ఎటు చూసినా కొబ్బరి తోటలే. అక్కడ పుట్టిన మనిషికి కొబ్బరి నీళ్ళు వద్దని చెప్పడం నేర్చుకోవాలి. అందులో పొటాషియం ఎక్కువ కదా, కానీ రక్తంలో అదెంతుందో రిపోర్ట్ చూసి చెప్పు. అందరికీ కలిపి ఒకేసారి పళ్ళూ కూరలూ మాన్పించకు. కూర ముక్కలు ఎక్కువ నీళ్ళలో ఉడికించి వార్చెయ్యమంటే కొంత పొటాషియం నీళ్ళతో పోతుంది, మనిషికి నోటికి రుచైనా మిగులుతుంది. ఎండు చేపల ఉప్పు సంగతి గట్టిగా అడుగు, నువ్వు అడక్కపోతే వాళ్ళు చెప్పరు. ఫాస్ఫరస్ తగ్గించాలి అనగానే పప్పు మీద పడే అలవాటు మానుకో. పప్పుల్లోది సగం కూడా ఒంటికి పట్టదు. కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ సరుకుల్లో కలిపే ఫాస్ఫేట్ దాదాపు అంతా పడుతుంది.

డయాలిసిస్ కుర్చీలో ఒక్కో మనిషి నాలుగేసి గంటలు కూర్చుంటాడు. ఏ కోర్సులోనూ అంత తీరిక దొరకదు. పక్కన స్టూల్ వేసుకుని, నిన్న రాత్రి ఏం తిన్నావు నాన్నా అని మొదలుపెట్టు. పెన్ను తియ్యకు. పెన్ను కనిపిస్తే వాళ్ళు మనకి నచ్చే జవాబులే చెబుతారు.

కంపెనీల సంగతి. హోటల్లో భోజనం, తోలు బ్యాగు, ఉచిత రిజిస్ట్రేషన్ అంటూ పిలుస్తారు. పసిపిల్లల పాలపొడి కంపెనీలు మనబోటివాళ్ళ సెమినార్లకీ కోర్సులకీ డబ్బివ్వడం 1992 చట్టం, దానికి 2003లో చేసిన సవరణల ప్రకారం నేరం. పెద్దవాళ్ళ ప్రోటీన్ పొడులకి ఆ చట్టం వర్తించదు. మిగతాది నీ ఇంగితానికి వదిలేస్తున్నాను. డబ్బా పేరు షీటు మీదకి ఎక్కిన రోజు మాత్రం నాకు ఫోన్ చెయ్యకు.

ఇంకా, ఈ వృత్తిలో ఎవరైనా 'ఇది మహత్తరమైన ఆహారం' అంటే కొంచెం ఆగు. నేను తార్నాకలో ఎన్‌ఐఎన్‌లో కోర్సు చేసే రోజుల్లో జొన్న అంటే పెల్లాగ్రా (నియాసిన్ విటమిన్ లోపంతో చర్మం పాడయ్యే జబ్బు) గుర్తొచ్చేది. జొన్నే ప్రధాన ఆహారమైన చోట ఆ జబ్బు కనిపించడం చూసి, అందులోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కారణమై ఉండొచ్చని పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంఠియా 1960లో రాశారు. ఆ వాదన మీద తర్వాత చాలా తర్జనభర్జనలు జరిగాయి. 2023ని మిల్లెట్ల సంవత్సరం అన్నాక అదే జొన్నరొట్టె ప్రతి క్లినిక్‌లోనూ మందు బిళ్ళ అయికూర్చుంది. షుగర్ మనిషి రొట్టెలు ఆరు తింటే జొన్నయినా ఒకటే, గోధుమయినా ఒకటే.

చివరగా ఒక మాట, నవ్వకు. ఆ ఊళ్ళు తిరిగేటప్పుడు తాగే నీళ్ళు ఇంటి నుంచే పట్టుకెళ్ళు. ఉద్దానం జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదని, నీళ్ళే అనడానికి లేదని నాకూ తెలుసు. ఈ ఉత్తరమంతా ఆధారం ఆధారం అని సతాయించిన మనిషినే. అయినా పట్టుకెళ్ళు. ఎండలో తిరిగి తలనొప్పి వస్తే నొప్పి బిళ్ళ వేసుకోకుండా నీడన కూర్చో. పదిమందికి చార్టులు రాసి నువ్వు మధ్యాహ్నం బిస్కెట్లతో సరిపెడతావని మీ అమ్మ చెప్పింది. ఆ సంగతి వచ్చినప్పుడు విడిగా మాట్లాడతాను.

2017 పట్టికల పుస్తకం నాది మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను, అంచుల్లో నా రాతలుంటాయి, అవి కూడా సరిచూసుకుని వాడు. మొదటి టర్మ్ ఫీజు సంగతి వాడి దగ్గర ఎత్తకు, నీ అకౌంట్ నంబరు పంపు. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, మధ్యాహ్నం పడుకుంటాను.

ఇట్లు,
మీ అత్తయ్య