పంచదార బిస్కెట్లు ఎందుకు పరుచుకుపోతున్నాయి?

ప్రశ్న: పావుకిలో మైదాకి 150 గ్రాముల వెన్న, అంతే పంచదార, ఒక గుడ్డు, టీస్పూను వంటసోడా వేసి బిస్కెట్లు చేస్తున్నాం. నక్షత్రాల్లా కోసినవి ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. మర్నాటికి మెత్తబడుతున్నాయి. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: ముందు సోడా మానేయండి. అంత వేస్తే ఆకారం నిలవదు, సబ్బు రుచి కూడా వస్తుంది. అర టీస్పూను బేకింగ్ పౌడర్ చాలు. వెన్న 125 గ్రాములకు, పంచదార 100కు తగ్గించండి. మన కొట్లలో దొరికే పంచదార పలుకు పెద్దది. వెన్నలో కరగకుండా మిగిలి, వేడికి పాకమై బిస్కెట్టును పక్కలకు లాగేస్తుంది. మిక్సీలో పొడికొట్టి జల్లించి వాడండి.

అసలు చిక్కంతా వెన్నతోనే. మీ తీరప్రాంతపు ఉక్కలో కాసేపు బయట ఉంచితే జారిపోతుంది. వేలితో నొక్కితే సొట్ట పడాలి గానీ వేలు దిగిపోకూడదు. అప్పుడే పంచదార పొడి వేసి రెండు నిమిషాలు గిలక్కొట్టండి. కేకుకి కొట్టినట్టు నురగ వచ్చేదాకా వద్దు, గాలి ఎక్కువైతే పొంగి అంచులు చెదిరిపోతాయి. తర్వాత గుడ్డు, వెనిలా, చివర మైదా. పొడిపిండి కనబడడం ఆగగానే కలపడం ఆపేయాలి. చపాతీ పిండిలా మర్దిస్తే బిస్కెట్టు బిరుసెక్కుతుంది.

ముద్దను రెండు బటర్ పేపర్ల మధ్య అర సెంటీమీటరు మందాన ఒత్తి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. ముక్కలు కోసి ట్రేలో సర్దాక మరో పావుగంట. ఈ రెండో చల్లదనం దాటేయకండి, నక్షత్రం కోణాలు నిలిచేది దీనివల్లే. రెండో వాయికి ట్రే పూర్తిగా చల్లారాలి.

ముందే వేడెక్కిన ఓటీజీలో 175 డిగ్రీల దగ్గర 10–12 నిమిషాలు. అంచు లేత గోధుమరంగుకి తిరగగానే తీసేయండి. నడుమ మెత్తగా ఉన్నా ట్రేలో 5 నిమిషాలుంటే గట్టిపడుతుంది. వేడిమీద డబ్బాలో పెడితే ఆవిరి పట్టి మెత్తబడతాయి. పూర్తిగా ఆరాక గాలి చొరని డబ్బాలో పెట్టండి. మెత్తబడినవాటిని 150 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి ఆరబెడితే మళ్ళీ కరకరలాడతాయి.

ప్రశ్న: వెన్న, గుడ్డు లేకుండా నెయ్యితో కుదురుతుందా?
— ఒక పాఠకుడు, రాజాం

జవాబు: కుదురుతుంది. వెన్నలో సుమారు 16 శాతం నీరుంటుంది, నెయ్యిలో దాదాపు ఉండదు. అందుకని 125 గ్రాముల వెన్నకు బదులు 100 గ్రాముల నెయ్యి చాలు. అది పేరుకున్నదై ఉండాలి, కరిగింది పనికిరాదు. గుడ్డుకు బదులు చల్లటి పాలు రెండు మూడు టేబుల్‌స్పూన్లు, కొద్దికొద్దిగా, ముద్ద కట్టేదాకా పోయండి. పైన పలాస జీడిపప్పు బద్ద ఒత్తాలనుకుంటే పచ్చిదే వాడండి. ముందే వేయించింది ఓవెన్‌లో మాడి చేదెక్కుతుంది.