డిఫర్ అయిన ఇంటికి అక్క ఉత్తరం

చెల్లీ,

నిన్న ఫోన్లో ఏం చెప్పినా నీ చెవికెక్కలేదు, అందుకే రాస్తున్నాను. మరిదిగారికి కూడా చదివి వినిపించు. మీవాణ్ణి డిఫర్ చేసిన, అంటే ఇప్పుడే తేల్చకుండా వాయిదా వేసిన ఆ కాలేజీకి ఫోన్ చేసి ఎందుకిలా చేశారో అడుగుతానన్నారట కదా, ఆ పని మాత్రం చెయ్యనివ్వకు. తల్లిదండ్రులు ఫోన్ చేస్తే పిల్లాడికి ఒరిగేదేమీ ఉండదు. పిల్లాడి పని కూడా వీళ్లే చేస్తున్నారనుకుంటారు, అంతే.

మనం ఎంసెట్ పిల్లలం. ర్యాంకు వచ్చిందా, కౌన్సెలింగ్‌కి వెళ్లామా, సీటు దొరికిందా లేదా, అక్కడితో తేలిపోయేది. అందుకే ఈ డిఫర్ మనకు అంత తొందరగా మింగుడు పడదు. మీవాణ్ణి వాళ్లు కాదనలేదు. అప్లికేషన్ పక్కన పెట్టారు, రెగ్యులర్ విడతలో, అంటే తర్వాత అప్లికేషన్ పెట్టేవాళ్లతో కలిపి మళ్లీ చదువుతారు, మార్చి ఆఖరుకల్లా చెప్తారు. వెయిట్‌లిస్టు ఇది కాదు, అది సీట్లు మిగిలితే చూసే బాపతు. ఇంకోటి, వాడు పెట్టింది అర్లీ డెసిషన్ (ఒక్క కాలేజీకే ముందుగా పెట్టే విడత) కదా, వస్తే చేరి తీరాలన్న ఒప్పందం డిఫర్‌తోనే రద్దయిపోయింది. రేపు వాళ్లే సీటిచ్చినా నాలుగు కాలేజీల ఫీజులు పక్కపక్కన పెట్టి చూసుకుని మే 1లోగా తేల్చుకోవచ్చు. మీ ఇంటి లోను సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా, ఇది చిన్న విషయం కాదు.

ఈ సెలవుల్లో మాత్రం ఆ కాలేజీని మర్చిపొమ్మను. మిగతావాటికి గడువు చాలావరకు జనవరి మొదటి వారంలోనే ఉంటుంది. డిఫర్ దెబ్బకి మంచమెక్కి, ఆ వ్యాసాలు డిసెంబరు 31 రాత్రి చుట్టబెట్టేసే పిల్లల్ని చాలామందిని చూశాను. అసలు నష్టం అక్కడే. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి ముందే పెట్టాడు కదా, మంచిదే, కానీ దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. 2026లో చేరేవాళ్ల నుంచి ఆటోమేటిక్ సీటు క్లాసులో మొదటి 6 శాతానికి కాకుండా 5 శాతానికే ఇస్తున్నారు. డాలస్ పక్కనున్న మీ ఫ్రిస్కో బళ్లలో ఆ 5 శాతంలోకి రావడమే ఒక యుద్ధం. వచ్చినా యూనివర్సిటీలో సీటే ఖాయం, కంప్యూటర్ సైన్సులో కాదు. యూటీ డాలస్‌కి (డాలస్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి) పెట్టకపోతే ఇప్పుడే పెట్టించు. ఇంటి పక్కనుందని చులకన చెయ్యకండి.

వాండర్‌బిల్ట్, ఎమొరీ లాంటి కాలేజీల్లో అర్లీ డెసిషన్ రెండో విడత కూడా ఉంటుంది. అది మళ్లీ కట్టిపడేసే ఒప్పందమే. ఆ కాలేజీ సైటులోనే మీ ఆదాయం వేసి ఎంత కట్టాల్సొస్తుందో చూసుకోవచ్చు. ఆ అంకె చూశాక మీ ఇద్దరికీ నిద్ర పడితేనే పెట్టండి. మొదటిది రాలేదన్న కసితో పెట్టొద్దు.

ఇక డిఫర్ అయ్యాక పిల్లాడు కాలేజీకి రాసే ఉత్తరం. లెటర్ ఆఫ్ కంటిన్యూడ్ ఇంట్రెస్ట్ అంటారు. ముందు ఆ కాలేజీ పోర్టల్లో ఏం రాశారో వాణ్ణే చదవమను. కొన్నిచోట్ల ఫారం ఇస్తారు, కొన్నిచోట్ల ఉత్తరం తీసుకుంటారు, కొన్నిచోట్ల ఏమీ పంపొద్దంటారు. వద్దంటే వద్దనే. పంపమంటే ఒక పేజీ దాటకుండా జనవరిలో పంపితే చాలు. అందులో మూడు ముక్కలుండాలి: సీటిస్తే వస్తాడా (నిజంగా వచ్చేట్టయితేనే), అప్లికేషన్ పెట్టాక కొత్తగా ఏం జరిగింది, ఆ కాలేజీలో వాడికి కావలసింది ఏముంది.

కొత్తగా ఏం జరిగిందన్న దగ్గరే అందరూ తేలిపోతారు. "చిన్నప్పట్నుంచి నాకు ఇంజనీరింగంటే ప్రాణం" అని రాస్తారు, అది పాత అప్లికేషన్లో ఉన్నదే. మీవాడు బడి నాటకాలకి సౌండు బోర్డు దగ్గర కూర్చుంటాడు కదా. మొన్న శీతాకాలం నాటకంలో రెండో అంకం మధ్యలో హీరోయిన్ మైకు చచ్చిపోతే, పక్క పిల్ల మైకు పెంచి ఆ సీను లాగించాడని, మర్నాడు కూర్చుని ఏ మైకులో ఏ బ్యాటరీ ఎప్పుడు మార్చాలో పట్టీ రాసి గోడకి అంటించాడని నువ్వే చెప్పావు. అది రాయమను. నాలుగు వాక్యాలు చాలు. మెడల్స్ లేవని నువ్వు దిగులు పడుతున్నావు గానీ, చదివేవాళ్లకి ఆ పట్టీ రాసిన పిల్లాడు గుర్తుంటాడు.

దాన్ని నువ్వు దిద్దకు, మరిదిగారు చాట్‌జీపీటీలో వేసి మెరుగులు దిద్దొద్దు. పదిహేడేళ్ల కుర్రాడి మాట పదిహేడేళ్ల కుర్రాడిలాగే ఉండాలి. ఇంగ్లీషు టీచరుకి ఒకసారి చూపిస్తే సరిపోతుంది. గుడి కమిటీ ప్రెసిడెంటుగారి సిఫార్సులు, మరిదిగారి ఆఫీసు వైస్ ప్రెసిడెంటుగారి ఉత్తరాలు అసలే వద్దు. కాలేజీవాళ్లు అడిగితే ఈ ఏడు పాఠం చెప్పిన టీచరు చేత ఒకటి రాయించు.

వీటన్నిటికన్నా బరువు మొదటి సెమిస్టరు మార్కులది. ఆ మార్కులతో మిడ్‌ఇయర్ రిపోర్టు బడి కౌన్సెలరే పంపుతారు. క్యాలిక్యులస్‌లో బి కనిపిస్తోందన్నావు, ఫైనల్ పరీక్ష బాకీ ఉంది కదా, సౌండు బోర్డు కొన్నాళ్లు పక్కన పెట్టి అది చూసుకోమను.

ఆదివారం పాట్‌లక్ విందులో అడుగుతారు, ఎలాగూ అడుగుతారు. "ఇంకా తెలీదండీ, మార్చిలో చెప్తారట" అను, అది అబద్ధం కాదు. వాడి ముందు మాత్రం పక్కింటి పిల్లకి వచ్చిన సీటు గురించి ఎత్తకు. మా పెద్దదానికి డిఫర్ తర్వాత మార్చిలో కాదనే చెప్పారు. ఇక్కడి రట్గర్స్ యూనివర్సిటీలో చదువుకుంది, ఆ ఏడాది సెప్టెంబరుకల్లా దాని నోట ఆ పాత కాలేజీ పేరు కూడా రాలేదు. నాకే ఇంకో ఏడాది పట్టింది.

వాళ్ల బడి శుక్రవారం మూసేస్తున్నారన్నావు. కౌన్సెలరు సెలవులకి వెళ్లిపోతే జనవరి దాకా దొరకరు. డిఫర్ అయిందని, మిడ్‌ఇయర్ రిపోర్టు ఆ కాలేజీకి కూడా వెళ్లాలని రేపు పొద్దున్నే వాడిచేత మెయిలు పెట్టించు.

మీ అక్క
ఎడిసన్, న్యూజెర్సీ