దుఃఖంలో ఉన్నప్పుడు సంఘంలో దేవునికి కృతజ్ఞతలు ఎలా చెల్లించాలి?

భర్తను పోగొట్టుకున్న తరువాత, ఆరాధనలో అందరూ దేవుడు తమకు చేసిన మేలుల గురించి సాక్ష్యాలు చెబుతుంటే తన నోట స్తుతి రావడం లేదని, ఇది అవిశ్వాసమేమోనని ఒక సహోదరి ఇక్కడ అడిగారు. అవిశ్వాసం కాదమ్మా. నేనూ ఆ స్థితిలో చాలా కాలం ఉన్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

మా అమ్మగారి స్వస్థత కోసం సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించినా ఆమె కన్నుమూసి ప్రభువునందు నిద్రించారు. తరువాత కొన్నాళ్లకు, అదే జబ్బు నుండి కోలుకున్న ఒకరు లేచి, దేవుడు తన ప్రార్థన ఆలకించాడని సాక్ష్యం చెబుతుంటే, నేను పాటల పుస్తకం మూసి తల వంచుకున్నాను. పక్కనున్న పెద్దావిడ ఆ పుస్తకాన్ని నా ఒడిలో నుండి తీసుకుని, తరువాతి పాట తెరిచి, నాకు కనబడేలా తన చేతుల్లోనే పట్టుకున్నారు. పాడమని అడగలేదు. ఆరాధన ముగిశాక, "నువ్వు పాడగలిగే వరకు నీ బదులు మేము పాడతాము" అని మాత్రం అన్నారు.

ప్రతి విషయంలోనూ కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక సంఘానికి వ్రాసిన మొదటి పత్రికలో (1 థెస్సలొనీకయులకు 5:18) ఉన్న ఆజ్ఞను దుఃఖంలో ఉన్నవారికి వినిపించేవారు, దానికి నాలుగు వచనాల ముందే, ధైర్యం చెడినవారిని ధైర్యపరచమని, బలహీనులకు ఊతనివ్వమని పౌలు అదే సంఘానికి వ్రాసిన సంగతి కూడా చెప్పాలి. అంతకు ముందు అధ్యాయంలో ఆయన ఓదార్చింది తమవారిని మరణంలో పోగొట్టుకున్న విశ్వాసులనే. అందువల్ల ఆ ఆజ్ఞ ఒంటరిగా ఏడుస్తున్న మనిషి మీద మోపిన బరువని నేను అనుకోను. ఒకరినొకరు పట్టుకుని నిలబడిన సంఘమంతా కలిసి నెరవేర్చవలసినది అది.

లేవీయకాండము 7వ అధ్యాయంలోని, మేలు పొందినవాడు దేవునికి అర్పించే కృతజ్ఞతార్పణ విధి కూడా నన్ను ఇటే నడిపించింది. ఆ బలి మాంసాన్ని అర్పించిన దినమే తినాలి, ఉదయం వరకు ఏమీ మిగల్చకూడదు. ఒక్క ఇంటివారు ఒక్క రోజులో అంతా తినడం కష్టం కనుక నలుగురినీ పిలవవలసి వచ్చేదని, ఆ పంక్తిలో మేలు పొందినవాడి పక్కన ఇంకా కన్నీటితో ఎదురుచూస్తున్నవాడు కూడా కూర్చునేవాడని నేను తలపోస్తుంటాను.

ఇక నోట స్తుతి రాకపోవడం విషయానికొస్తే, 88వ కీర్తన స్తుతితో కాక చీకటి మాటతోనే ముగుస్తుంది. అయినా అది దేవుని ప్రజల ప్రార్థనలలో ఒకటిగానే నిలిచింది. మీరూ దేవునితో అలా మాట్లాడవచ్చు.

మీ భర్త మరణం కోసం కృతజ్ఞత చెప్పమని ఎవరైనా అంటే ఒప్పుకోనవసరం లేదు. నాకు మొదట సాధ్యమైంది, అమ్మ మాకు నేర్పిన ఒక్కొక్క ప్రార్థన కోసం, ఆమె మంచం పక్కన రాత్రుళ్లు మేలుకుని కూర్చున్న విశ్వాసుల కోసం, పేరుపేరునా దేవునికి వందనాలు చెప్పడం. అదీ ఇంట్లోనే, ఎవరూ వినకుండా. సంఘం ముందు నిలబడి చెప్పడానికి చాలా కాలం పట్టింది. మీరు కూడా తొందరపడకండి. మీ సంఘ కాపరితో గాని, నమ్మకమైన ఒక సహోదరితో గాని, ఇప్పుడు నేను స్తుతించలేకపోతున్నాను, నా బదులు స్తుతించండి అని దాపరికం లేకుండా చెప్పండి. ఆరాధనకు వెళ్లడం మాత్రం మానకండి.