మయోర్కాలో గ్రహణం చూడబోతున్న మేనకోడలికి

చి.ల.సౌ. శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

2026 ఆగస్టు 12 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి పిల్లవాడితో సహా స్పెయిన్‌లోని మయోర్కా దీవికి వెళ్తున్నామని, పాల్మా నగరంలో గది కూడా దొరికిందని నువ్వు రాసిన ఉత్తరం అందింది. బార్సిలోనాలో ఉన్నా సూర్యబింబం దాదాపు అంతా మూసుకుపోతుంది కదా, అంత దూరం దేనికని అల్లుడుగారు అడిగారట. ఆ మిగిలిన సన్నని అంచు ఉన్నంతసేపు ఆకాశం చీకటి పడదు, సూర్యుడి చుట్టూ ఉండే తెల్లని కాంతివలయం, అదే కరోనా, కంటికి ఆనదు. తప్పక వెళ్ళండి.

1980 ఫిబ్రవరి 16న హైదరాబాదుకు దగ్గర్లోని జపాల్-రంగాపూర్ వేధశాల సమీపంలో నేను చూసినప్పుడు, ఊళ్ళో చాలామంది తలుపులు వేసుకుని కూర్చున్నారు గాని, సూర్యుడు మాత్రం పడమటికి వాలినా, ఏ అడ్డూ లేకుండా దిగంతానికి బాగా ఎత్తులోనే ఉన్నాడు. మీ పరిస్థితి వేరు. పాల్మాలో సంపూర్ణ దశ సాయంత్రం 8 గంటల 31 నిమిషాలకు మొదలై సుమారు 96 సెకన్లు ఉంటుంది. అప్పటికి సూర్యుడు దిగంతానికి రెండున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చాచిన చేతికి చిటికెన వేలి వెడల్పు ఒక డిగ్రీ అనుకుంటే, ఎంత కిందికి దిగి ఉంటాడో నీకే తెలుస్తుంది. చిన్న గుట్ట, హోటల్ భవనం, ఒక చెట్ల వరుస అడ్డం వచ్చినా ప్రయాణమంతా వృథా. పాల్మా అఖాతం దక్షిణానికి తెరుచుకుని ఉంటుంది, సూర్యుడు అస్తమించేదేమో పడమరకు కాస్త వాయవ్యంగా, గుట్టలున్న వైపు. కాబట్టి బీచ్ దగ్గరే ఉందిలే అని ధీమాగా ఉండవద్దు. ఒకటి రెండు రోజుల ముందు సాయంత్రం సరిగ్గా ఎనిమిదిన్నరకు మీరు ఎంచుకున్న చోట నిలబడి, సూర్యుడు సముద్రంలోకి దిగుతున్నాడో లేదో చూసుకోండి; ఆ రెండు రోజుల్లో అస్తమయ స్థానం పెద్దగా మారదు. దీవికి వాయవ్యాన ఉన్న ట్రముంటానా కొండల పడమటి తీరం అందుకు అనువైనదే గాని, దారి ఇరుకు, మలుపులు ఎక్కువ. మధ్యాహ్నమే చేరుకుని, పిల్లవాణ్ణి చరియ అంచుకు దూరంగా కూర్చోబెట్టుకోండి.

ఇక కళ్ళ సంగతి. పాక్షిక దశ ఏడున్నర దాటాక మొదలవుతుంది. సాయంత్రపు ఎర్రని సూర్యుడు చల్లగా కనిపిస్తాడు, గ్రహణపు కళ్ళజోడులోంచి చూస్తే మరీ మసకగా ఉంటాడు. అప్పుడే జోడు తీసేయాలనిపిస్తుంది, నా భయమంతా దాని గురించే. చూడగలుగుతున్నామన్నంత మాత్రాన కంటికి హాని లేదని కాదు. కంటి లోపలి తెర రెటీనాకు నొప్పి తెలియదు, దెబ్బ తగిలిన సంగతి కొన్ని గంటల తర్వాత గాని బయటపడదు. సూర్యుణ్ణి చూసే జోళ్ళకు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్‌ఓ 12312-2, ఉన్నవే నమ్మకమైన చోట కొనండి. గీతలు పడినవి పారేయండి. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజు, మన ఊళ్ళో పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి చూసే పద్ధతి, ఇవేవీ వద్దు. బైనాక్యులర్స్‌కు ముందువైపు కటకాల మీదే ఫిల్టర్ బిగించాలి. కళ్ళజోడు పెట్టుకుని వాటిలోంచి చూస్తే ఆ వేడికి ఫిల్టర్ కాలిపోతుంది, కన్నూ పోతుంది.

చివరి వెలుగుచుక్క ఆరిపోయాక మాత్రమే జోడు తీయండి, అవతలి అంచున మొదటి మెరుపు రాగానే పెట్టేసుకోండి. పిల్లవాడికి ఆ రెండు మాటలూ చెప్పే పని ఒక్కరే తీసుకోండి. ఇద్దరూ అరిస్తే వాడు బెదురుతాడు. ఫోటోలు వేరేవాళ్ళు తీస్తారు, ఆ తొంభై ఆరు సెకన్లూ మీరు కళ్ళతో చూడండి. సూర్యుడికి ఎడమగా శుక్రుడు కనిపించవచ్చు.

మిగిలిన గ్రహణంతోనే సూర్యుడు సముద్రంలోకి జారిపోతాడు. అప్పుడు అందరూ ఒక్కసారిగా కార్లు తీస్తారు గనుక మీరు తొందరపడకండి. అమావాస్య రాత్రి, పైగా ఏటా ఆగస్టులో కనిపించే పెర్సీడ్ ఉల్కలు ఎక్కువగా రాలే రోజు. దుప్పటి పరుచుకుని పడుకుంటే దారి ఖాళీ అయ్యేదాకా కాలక్షేపానికి లోటుండదు. టార్చి, మంచినీళ్ళు, పిల్లవాడికి స్వెటర్ మరిచిపోకండి.

ఇట్లు,
నీ మామయ్య