హ్యారీ పెర్రీ ఎవరు? ఆకాశంలో షూటింగ్‌కి ఆయన పేరు ఎందుకు చెబుతారు?

మూకీల కాలం నాటి హాలీవుడ్ కెమెరామన్. 1927లో వచ్చిన 'వింగ్స్' సినిమాతో ఆయనకు పేరొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి పైలట్ల కథ అది. షూటింగ్ ఎక్కువగా టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో దగ్గర జరిగింది. దర్శకుడు విలియం వెల్‌మన్ స్వయంగా యుద్ధంలో పైలట్‌గా పనిచేసినవాడు.

నటుడి ముఖం గాల్లోనే కనిపించాలంటే కాక్‌పిట్‌లో కెమెరామన్‌కి చోటెక్కడిది? అందుకే మోటారుతో నడిచే కెమెరాను విమానానికే బిగించారు. పైకి వెళ్లాక అసలు పైలట్ ఫ్రేమ్‌లో పడకుండా తల దించుకునేవాడు. నటుడే స్విచ్ నొక్కి కెమెరా ఆన్ చేసుకుని నటించాలి. రీటేక్ చెప్పేవాడూ పక్కన ఉండడు! హీరోల్లో ఒకడైన బడ్డీ రోజర్స్ ఈ సినిమా కోసమే విమానం నడపడం నేర్చుకున్నాడు.

ఇంకో తలనొప్పి మబ్బులు. ఆకాశం ఖాళీగా ఉంటే ఎంత వేగంగా పోతున్న విమానమైనా తెర మీద కదలనట్టే ఉంటుంది. వెనక మబ్బు ఉంటేనే వేగం తెలుస్తుంది. అందుకని వెల్‌మన్ యూనిట్ మొత్తాన్నీ ఖాళీగా కూర్చోబెట్టి మరీ మబ్బుల కోసం ఎదురుచూశాడు. అవతల స్టూడియో వాళ్లకి ఖర్చు టెన్షన్.

తొలి ఆస్కార్లలో 'వింగ్స్' ఉత్తమ చిత్రం. విచిత్రమేంటంటే ఛాయాగ్రహణానికి మాత్రం నామినేషన్ కూడా రాలేదు. నా దృష్టిలో అది అన్యాయమే. తర్వాత హోవర్డ్ హ్యూస్ తీసిన 'హెల్స్ ఏంజెల్స్' (1930)కి టోనీ గాడియోతో కలిపి పెర్రీకి ఆ నామినేషన్ దక్కింది. ఆ సినిమా తీస్తుండగా విమాన ప్రమాదాల్లో పైలట్లు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు.