అత్తయ్యతో అహోబిలం, అడవి దాకా వెళ్లగలమా?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అత్తయ్యకి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, అయినా అహోబిలంలో నవ నారసింహుల్ని చూడాల్సిందే అంటున్నారు. శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి వచ్చేయొచ్చా?

జవాబు: రెండ్రోజుల్లో తొమ్మిదీ అంటే ఆవిడకి శిక్షేనండీ, శనివారం సగం ప్రయాణానికే పోతుంది, పైగా ఆరోజు రద్దీ కూడా ఎక్కువ. సోమవారం లీవ్ పెట్టండి. కారు లేకపోతే నంద్యాల దాకా రైల్లో వెళ్లి ఆళ్లగడ్డ మీదుగా బస్సులో పోవచ్చు.

దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడి గుడి, దగ్గర్లోనే ఛత్రవట, యోగానంద, ఎగువకి పోయే దారిలో కారంజ, పైన ఉగ్ర నరసింహుడు, ఇవన్నీ బండిలో వెళ్లి చూడొచ్చు కాబట్టి అత్తయ్యకి ఇబ్బంది ఉండదు. జ్వాలా నరసింహుడి దారే వేరు, భవనాశి వాగు పక్కన రాళ్లూ మెట్లూ ఎక్కుతూ పోవాలి, వానాకాలంలో అయితే నీళ్లు పైనుంచి మీద పడుతుంటాయి, చూడ్డానికి ఎంత బాగుంటుందో కాలు జారడం కూడా అంత తేలిక! ఆవిడకి డోలీ మాట్లాడండి, రేటు ముందే తేల్చుకోండి. పావన నరసింహుడు నల్లమల లోపల ఉంటాడు, జీపులో పోవచ్చు గానీ ఆ కుదుపులకి నడుం పట్టేస్తుంది, నాకైతే మూడ్రోజులు వదల్లేదు. ఉగ్రస్తంభం, అంటే నరసింహుడు చీల్చుకుని వచ్చాడని చెప్పే కొండరాయి, మాత్రం మీరిద్దరే ఎక్కండి, అదీ పొద్దున్నే.

చేతిలో కర్ర పెట్టుకోండి, కోతులు కవర్ కనిపిస్తే వదలవు.